‘పెన్’ అనే ఫ్రెంచి మాట, పైడమ్మ ప్రశ్న

ఫ్రెంచి నేర్చుకుని దుబాసీ పనిలోకి దిగుదామనుకునే పిల్లలు అప్పుడప్పుడు హౌరా అవతల సంత్రాగాఛిలో మా ఇంటికి వస్తుంటారు. కూర్చోగానే అందరూ అడిగేవి అవే. ఏ పరీక్ష రాయాలి, ఏ సర్టిఫికెట్‌కి విలువ ఎక్కువ, విదేశాలకు పంపిస్తారా. నన్ను ఎవరూ ఎక్కడికీ పంపలేదని, ఉద్యోగమంతా కలకత్తాలో ఖిదిర్‌పూర్, గార్డెన్ రీచ్ రేవుల్లోనూ కోర్టు వరండాల్లోనూ గడిచిపోయిందని చెబుతాను. సగం మంది టీ తాగి వెళ్ళిపోతారు. మిగిలిన ఒకరిద్దరి కోసం ఇది రాస్తున్నాను.

ఇందులో ప్రమోషన్ల గొడవ లేదు. నాకు వచ్చినవే తక్కువ, వాటి గురించి రాస్తే పేజీ నిండదు. ఒక్క మాట పట్టుకుని రాస్తాను. ఆ మాట ‘పెన్’. మన జేబులో ఉండే పెన్ను కాదు. క్లాసులో ఈ మాట రాగానే ఒకడైనా జేబు తడుముకుని చుట్టూ చూస్తాడు. ఆ హాస్యం విని విని విసిగిపోయాను, దయచేసి మీరు చేయకండి.

ఫ్రెంచివాళ్ళ ఇంట్లో పెన్ అంటే దుఃఖం. కోర్టులో శిక్ష. పనిచేసేచోట శ్రమ. ‘దానికి పెన్ లేదు’ అన్నారంటే అక్కర్లేదని అర్థం. ముందు ‘ఆ’ అని ఒక చిన్న ముక్క తగిలిస్తే ‘అలా వెళ్ళానో లేదో’ అంటాం చూడండి, ఆ అర్థం. నిఘంటువులో వీటన్నిటికీ వరసగా అంకెలు వేసి ఉంటాయి. అంకెలు బట్టీపట్టినవాళ్ళు పరీక్షలో గట్టెక్కుతారు. నేనూ అలాగే గట్టెక్కాను. ఆ తర్వాత ఏం జరిగిందో చెబుతాను.

సన్యాల్ బాబు నేర్పిన పని

మా నాన్న షాలిమార్ యార్డులో గూడ్సు గార్డు. మాది శ్రీకాకుళం వైపు. నేను సాయంకాలం క్లాసుల్లో ఫ్రెంచి చదువుతున్నానని తెలిసిన రోజున ఆయన అన్నం తింటూ తల కూడా ఎత్తకుండా, “ఫ్రెంచోడు మనకేటి సుట్టమా?” అన్నాడు. చుట్టం కాడు గానీ రేవుకు వాళ్ళ భాష మాట్లాడే ఓడలు వస్తాయని చెప్పాను. పశ్చిమ ఆఫ్రికా నుంచి కలప దుంగలు, జీడిగింజలు వచ్చేవి. ఆ ఓడల మీద పనివాళ్ళకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఏదైనా తగాదా వస్తే, జ్వరం వస్తే, పోలీసులు వస్తే దుబాసీ కావాలి.

నన్ను పనిలో పెట్టుకున్నది సన్యాల్ బాబు అనే పెద్దమనిషి. చిన్న అనువాదాల ఆఫీసు ఆయనది. పాన్ నములుతూ మూడు భాషల్లో తిట్టగలడు. ఆయన మొదటి రోజే ఒక నియమం చెప్పాడు. అవతలివాడు ‘నేను’ అంటే నువ్వూ ‘నేను’ అనాలి. ‘ఆయన ఏమంటున్నాడంటే’ అని మొదలుపెట్టావా, నువ్వు మధ్యలో నిలబడ్డట్టు. నువ్వు అక్కడ లేవు. ఉన్నది వాళ్ళిద్దరే.

ఈ నియమం వల్ల నేను జైలుకు వెళ్ళబోయాను. ఖిదిర్‌పూర్‌లో ఒక కొట్టు దగ్గర గొడవపడిన ఆఫ్రికా నావికుడి కేసు అది. మేజిస్ట్రేటు ముందు అతను నిజాయితీగా ఒప్పుకున్నాడు. నేనూ గొంతెత్తి, “నేనే కొట్టాను. అతను నా తల్లిని తిట్టాడు, అందుకే కొట్టాను” అన్నాను. బయటికి వస్తుంటే తలుపు దగ్గరున్న కొత్త కానిస్టేబుల్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. “ఎక్కడికి? అంతా ఒప్పుకున్నావుగా!” అన్నాడు. నేను దుబాసీనని చెబితే, దొరికినవాళ్ళందరూ ఏదో ఒకటి చెబుతారన్నాడు. సన్యాల్ బాబు వచ్చి విడిపించాడు. ఆఫీసుకు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

“షోనో, రావుబాబూ,” అన్నాడు చివరికి, ఇలా విను అన్నట్టు. “నిన్ను పట్టుకున్నారంటే పని సరిగ్గా చేశావన్నమాట.”

ఆ కేసులోనే నేను పెన్ అనే మాటను మొదటిసారి పుస్తకం బయట వాడాను. నావికుడికి ఎంత శిక్ష పడిందో చెప్పాలి. కోర్టు మాట కాబట్టి అందులో దుఃఖం ఉండదని చదువుకున్నాను. అతను విని, తల ఊపి, చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. అతని ముఖంలో ఉన్నదానికి కోర్టు అర్థం ఒక్కటే సరిపోలేదని అప్పుడే అనిపించింది. కానీ సన్యాల్ బాబుతో అంటే ఆయన కొట్టిపారేశాడు. వాక్యం అయిపోతే నీ పని అయిపోయినట్టే, ముఖాలు చూడటం నీ ఉద్యోగంలో లేదన్నాడు.

సన్యాల్ బాబు నాకు పని నేర్పిన గురువు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయినా చెబుతున్నాను, ఈ రెండోమాట తప్పు. ముఖం చూడనివాడు ఈ పనికి పనికిరాడు.

పంపుకు నొప్పి లేదట

మీరు నవ్వుకోవడానికి ఒకటి చెబుతాను. తర్వాత నవ్వే సందర్భం రాదు.

గార్డెన్ రీచ్‌లో ఒక చిన్న మరమ్మతు షెడ్డులో ఓడ పంపు ఒకటి పగిలింది. చూడటానికి ఫ్రెంచి ఇంజనీరు వచ్చాడు. షెడ్డులో పనిచేసే ఫిట్టర్లలో చాలామంది మనవాళ్ళే, టెక్కలి, సోంపేట వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడినవాళ్ళు. నాకు జ్వరంగా ఉండి, మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి పంపాను. బాగా చదివినవాడు, మార్కులన్నీ వాడివే. ఇంజనీరు పంపు చుట్టూ తిరిగి, చెయ్యి ఊపి, “దీనికి పెన్ లేదు” అన్నాడు. ఇంక బాగుచేయడం అనవసరం, పక్కన పడేయండని. మావాడు గంభీరంగా, “పంపుకు నొప్పి లేదంటున్నారు” అని చెప్పాడు.

ఫిట్టర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన నడుం పట్టుకుని, “పంపుకి నొప్పి లేదంట్రా. మోసీది మనం గదా, నొప్పి మనకే ఉంటాది,” అన్నాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ షెడ్డులో ఏ యంత్రం ఆగిపోయినా ‘నొప్పి లేదు’ అనే అనేవారు. కుర్రాడు సిగ్గుతో ఉద్యోగం మానేస్తానన్నాడు. మానొద్దన్నాను. వాడికి తెలియని అర్థం కాదది. నిఘంటువులో ఆరో ఏడో అంకె దగ్గర వాడే చదివాడు. ఇంజనీరు చెయ్యి ఎటు ఊపాడో చూడలేదు, అంతే. ఇప్పుడు వాడు బెంగుళూరులో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. ఫోను చేసినప్పుడల్లా మొదట పంపు ఎలా ఉందని అడుగుతాను.

పైడమ్మ

ఇప్పుడు ఇదంతా రాయడానికి అసలు కారణమైన సంగతి. ఉద్యోగం ముగిసే ముందు వచ్చిన పని. ఇలాంటిది మీలో ఒకరికైనా ఎదురవుతుంది.

గౌరి అనే అమ్మాయి మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. గార్డెన్ రీచ్ పిల్ల, కాలేజీలో చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. నన్ను బెంగాలీ అలవాటు ప్రకారం ‘కాకూ’ అని పిలిచింది, చిన్నాన్నా అన్నట్టు. తండ్రి రేవులో కూలి, ఎప్పుడో పోయాడు. అన్న అప్పన్న ఓడ ఇంజను గదిలో పనిచేసేవాడు. ప్రయాణంలో జ్వరం పట్టుకుంటే పశ్చిమ ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే ఒక రేవులో దించి ఆసుపత్రిలో చేర్చారు. ఓడకు ఆగే వీలు లేదు, వెళ్ళిపోయింది. అప్పన్న ఆ ఆసుపత్రిలోనే చనిపోయాడు. శవాన్ని పంపడం కుదరదని అక్కడే పూడ్చిపెట్టారు. ఇంటికి మాత్రం చనిపోయాడు, చింతిస్తున్నాం అని కబురు వచ్చింది.

“అమ్మ దినం చెయ్యనివ్వడం లేదు కాకూ,” అంది గౌరి.

శవం దొరకనప్పుడు దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికే దహనం చేసి, కర్మ నడిపించడం మనలో ఉన్నదే. బంధువులు దర్భలు కూడా తెచ్చిపెట్టారు. తల్లి పైడమ్మ వాటిని ముట్టుకోనివ్వలేదు. చివరిక్షణంలో కొడుకు నోట్లో నీళ్ళు ఎవరు పోశారో తెలియాలి, అసలు ఎవరైనా పోశారో లేదో తెలియాలి, అప్పటిదాకా బొమ్మ కాల్చడానికి వీల్లేదంది. కులపెద్దలు వచ్చి నచ్చజెప్పారు. ఆలస్యమైతే ఆత్మ తిరుగుతుందని భయపెట్టారు. “తిరగనీ. ఇంటికొస్తాడు గదా,” అందట.

ఆ రేవులో నావికుల బాగోగులు చూసే ఒకాయనకు ఫోను మీద ఫోను చేశాను. నాలుగైదు చోట్ల తిప్పి, చివరికి అప్పన్నను చూసుకున్న నర్సును పట్టుకున్నారు. ఆమె పేరు మరియామ. తల్లి మాట్లాడాలంటోందని చెప్పగానే ఒప్పుకుంది. వాళ్ళకు పొద్దున, మనకు మధ్యాహ్నం అయ్యేలా వీడియో కాల్ అనుకున్నాం.

ఆ రోజు గౌరి బస్టాపుకు ఎదురొచ్చింది. సందు మొదట్లో ఆగిపోయింది.

“కాకూ, అక్కడేమైనా చెడ్డగా చెప్తే మీరు కొంచెం మంచిగా చేసి చెప్పండి. అమ్మకు ఆ భాష రాదు కదా.”

నాకు కోపం వచ్చింది. అయితే నేనెందుకు, ఏదో ఒకటి నువ్వే కల్పించి చెప్పెయ్యి అన్నాను. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తగ్గాను. “చూడమ్మా, ఒకచోట తియ్యగా చేసి చెప్పానని మీ అమ్మకు అనుమానం వస్తే, తర్వాత నేను చెప్పే నిజం కూడా నమ్మదు. జీవితాంతం అనుమానమే మిగులుతుంది,” అన్నాను. గౌరి కళ్ళు తుడుచుకుని ముందు నడిచింది.

ఒకటే గది. మంచం గోడకు నిలబెట్టి చాప పరిచారు. ఇద్దరు మేనమామలు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, గుమ్మంలో పక్కింటి బెంగాలీ ముసలమ్మ. పైడమ్మ చిన్న మనిషి. ఎక్కడుంటావు బావూ అని అడిగింది. సంత్రాగాఛి, హౌరాలో బస్సు మారి వచ్చాను అన్నాను. అంత దూరం నుంచి వచ్చావా అని మంచినీళ్ళిచ్చింది. ఫోను కలిపే ముందు మా నియమం ఆమెకు చెప్పాను. “అమ్మా, ఆవిడ ‘నేను’ అంటే నాను కూడా ‘నాను’ అనే అంటాను. అది నాను కాదు, ఆవిడ.” ఆఫీసు తెలుగు వదిలేసి మా ఇంటి మాటలోనే చెప్పాను. ఆమె భాషలో పలకకపోతే ఆ ‘నేను’ ఆమె దాకా చేరదు.

“తెలుసు బావూ,” అంది పైడమ్మ. “మా ఊళ్ళో గణాచారి మీద అమ్మోరు వొస్తే అలగే మాటాడతాది. ఆ మాట గణాచారిది కాదు, అమ్మోరిది.”

మా నియమాన్ని ఇంత తొందరగా అర్థం చేసుకున్నవాళ్ళు నాకు ఎప్పుడూ తగల్లేదు. కోర్టుల్లో జడ్జీలకే పదిసార్లు చెప్పాల్సి వచ్చేది.

ఫోనులో మరియామ కనిపించింది. తలకు రంగురంగుల గుడ్డ, చిన్న వయసే. పైడమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుని, “నాను అప్పన్న తల్లిని,” అంది. నేను, బట్టతల, కళ్ళజోడు మగవాణ్ణి, ఫ్రెంచిలో, “నేను అప్పన్న తల్లిని,” అన్నాను. మరియామ నవ్వలేదు. ఒకసారి నా వైపు చూసి, తర్వాత పైడమ్మనే చూడటం మొదలుపెట్టింది. అలా చూసిందంటే పని సవ్యంగా మొదలైందని అర్థం.

తల్లి ముందు అడిగింది తిండి గురించి. ఏమైనా తిన్నాడా? గంజిలాంటిది కొంచెం తాగేవాడంది మరియామ. ఎలా మాట్లాడుకున్నారు? చేతులతో. ఫోటో చూపించి ‘అమ్మ’ అనేవాడు, ఆ మాట ఎవరికైనా తెలుస్తుంది కదా. పాదాలు చల్లబడుతున్నాయని సైగ చేసేవాడు, రుద్దేదాన్ని. ఈ మాటలన్నీ ‘నాను రుద్దీదాన్ని’ అంటూ నా నోటి నుంచే వచ్చాయి. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“నీకు శానా శ్రమ ఇచ్చినాడు తల్లీ మావోడు,” అంది పైడమ్మ.

శ్రమకు ఫ్రెంచిలో నా నోటికి వచ్చింది పెన్ అనే మాటే. ‘మీకు ఎంత పెన్ ఇచ్చామో’ అన్నాను. మరియామ తల అడ్డంగా ఊపింది. శ్రమేమీ లేదు, ఆయన ఎవరినీ ఇబ్బంది పెట్టే మనిషి కాదంది.

పైడమ్మ కొంచెం ముందుకు జరిగింది. “ఆడి నోట్లో నీళ్ళు ఎవులు పోసినారు?”

“నేను పోశాను,” అంది మరియామ. “నీళ్ళు కావాలని సైగ చేశాడు. చెంచాతో పోశాను. మింగాడు.”

నేను ఆ మాట చెప్పగానే గదిలో ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. మేనమామ ఒకాయన దణ్ణం పెట్టుకున్నాడు. ఇంకొకాయన దర్భల కట్ట కోసమేమో లేవబోయాడు. పైడమ్మ కళ్ళు మూసుకుంది. అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేదో. కానీ మరియామ ఆగలేదు, ఇంకా మాట్లాడుతోంది. ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. ఎన్నాళ్ళ నుంచో గొంతులో పెట్టుకున్నదాన్ని ఆమె బయటపెడుతోంది. నాకు ఆమె మాట పూర్తయ్యేలోపే అర్థమైంది. గౌరి గోడకు ఆనుకుని నన్నే చూస్తోంది.

పైడమ్మ కళ్ళు తెరిచింది. “ఏటంటంది బావూ?”

అప్పుడు చెప్పాను. “నీళ్ళు నానే పోసినాను. కానీ పేణం పోయినప్పుడు నాను అక్కడ లేను. పక్క వార్డులో ఎవులో పిలిస్తే అలగ ఎల్లినానో లేదో, వొచ్చీసరికి ఎల్లిపోనాడు. తలుపుకేసి సూస్తన్నాడు. కళ్ళు నానే మూసినాను.”

‘అలా వెళ్ళానో లేదో’ అన్నచోట మరియామ వాడింది కూడా పెన్ అనే మాటనే, ఆ చిన్న ముక్క ముందు తగిలించి. నేను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. సరైన అర్థం దానంతటదే వచ్చింది. నా జీవితంలో అంత బాగా పనిచేసిన రోజు ఇంకొకటి లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సంతోషం కలగదు.

“తలుపుకేసి సూస్తన్నాడా?” అంది పైడమ్మ.

“తలుపుకేసే,” అన్నాను.

తర్వాత ఆమె ఫోను ఒళ్ళో దించుకుని, ఏ పాపం చేశానని నాకీ శిచ్చ అంది. ఇది మరియామతో అన్నది కాదు, దేవుడితో అన్నది. అయినా ఫోనులో ఆమె వినాలని చూస్తోంది కాబట్టి చెప్పాను. అక్కడ మాత్రం పెన్ వాడలేదు. అది కోర్టు వేసే శిక్ష. దేవుడు వేసేదానికి వాళ్ళకు వేరే మాట ఉంది. పిల్లలూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మరియామ ఏడవడం మొదలుపెట్టింది. నాకు చాలా పెన్‌గా ఉందమ్మా అంది. ఇక్కడ నిఘంటువులో మొదటి అర్థమే. దుఃఖంగా ఉందని చెప్పలేకపోయాను. దుఃఖం అనే మాట మా ఇళ్ళలో ఎవరు వాడతారు? “నా కడుపు తరుక్కుపోతన్నాది అమ్మా,” అన్నాను. అనేటప్పుడు నా గొంతు వణికింది. అది మరియామ వణుకో నాదో నాకు తెలియదు. సన్యాల్ బాబు ఉంటే చీవాట్లు పెట్టేవాడు.

పైడమ్మ ఫోను మళ్ళీ పైకెత్తింది. “ఏడవకు తల్లీ. నాను కన్నాను, నువ్వు సాగనంపినావు. ఏడవకు.”

ఆ మాటను నేను ఫ్రెంచిలో చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు.

భోజనం దగ్గర

మర్నాడే దర్భబొమ్మకు దహనం చేశారు. పదోరోజు భోజనానికి రమ్మని గౌరి కబురు పంపింది. దుబాసీ ఎవరింటా భోంచేయకూడదని సన్యాల్ బాబు నియమం ఒకటుంది. దానికి తిలోదకాలిచ్చి వెళ్ళాను. మనవాళ్ళ ఇంట్లో పిలిచిన చావు భోజనానికి వెళ్ళకపోవడం ఎలాగ?

సందులోనే బల్లలు వేసి విస్తళ్ళు పరిచారు. పైడమ్మ గుమ్మంలో కూర్చుని అందరికీ అందుతున్నాయా లేదా అని చూస్తోంది. నన్ను చూసి తల ఊపింది. నేను నోరు మూసుకుని తింటున్నాను. చారు బాగుంది. వడ్డించే అమ్మాయి నా ముందు నుంచి వెళ్ళిపోతుంటే, “అమ్మా, సారు ఇంకొంచెం ఎయ్యి,” అన్నాను.

పైడమ్మ దిగ్గున లేచింది. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. అందరూ అటు చూశారు. నాకు అర్థం కాలేదు. ఎవరో గుర్తొచ్చి ఉంటారనుకున్నాను.

చేతులు కడుక్కుంటుంటే ఆమే వచ్చింది. నాకు తుండుగుడ్డ అందించింది.

“నీ మీద నాకు కోపం లేదు బావూ,” అంది. “నువ్వు సెప్పబట్టే మావోడికి దినం జరిగినాది. నీ మేలు మరిసిపోను. కానీ నీ గొంతు ఇంటే ఆడు తలుపుకేసి సూస్తన్నట్టే ఉంటన్నాది. ‘నాను అక్కడ లేను’ అన్నావు సూడు, ఆ మాట నీ గొంతులోనే ఉండిపోనాది. ఇంక మా ఇంటికి రాకు బావూ.”

చదువుకున్నవాణ్ణి కదా, వాదనే ముందు వచ్చింది. “గణాచారి మాట గణాచారిది కాదని నువ్వే అన్నావు గదమ్మా,” అన్నాను.

“అన్నాను. అమ్మోరు దిగిపోనాక గణాచారి ఇంటికెల్లి తొంగుంటాది. ఇన్నోలికి నిద్దరుంటాదేటి?”

మెల్లగానే చెప్పింది. తుండుగుడ్డ తీసుకుని లోపలికి వెళ్ళింది. నేను చెప్పులు వేసుకుని సందు దాటి వచ్చేశాను. గౌరి వెనకాలే పరుగెత్తుకొచ్చి ఏదో చెప్పబోయింది. వద్దన్నాను. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇంతని చెప్పలేను. నిజం చెప్పినందుకు కాదు. అది మళ్ళీ అడిగినా చెబుతాను. విన్న తర్వాత ఆ తల్లికి నా గొంతే కొడుకు పోయిన ఆ గది అయిపోయింది, దాన్ని నేను ఏమీ చేయలేను.

అడిగేవాళ్ళకు

ఇది విన్న కుర్రాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. కొందరు, నీళ్ళు పోసిందన్న దగ్గర ఆపేస్తే సరిపోయేది కదా అంటారు. కొందరు, మీరు చేసిందే కరెక్టు, ఆవిడే అర్థం చేసుకోలేదంటారు. రెండో మాట అన్నవాళ్ళ మీదే నాకు కోపం ఎక్కువ. పైడమ్మకు అర్థం కానిదేమీ లేదు. ఆమెకు అన్నీ అర్థమయ్యాయి, అదే ఆమె కష్టం. మొదటి మాట అన్నవాళ్ళకు చెప్పేదేమిటంటే, మరియామ కూడా ఒక మనిషే. ఆమె ఆ మాట చెప్పుకోవడానికే ఫోను దగ్గరికి వచ్చింది. నేను మింగేస్తే తల్లి ‘ఏడవకు’ అనేది కాదు, ఆ పిల్లకు ఆ మాట వినే భాగ్యం దక్కేది కాదు.

పెన్ అనే మాటను ఆ ఒక్క మధ్యాహ్నం మూడు అర్థాల్లో చెప్పాల్సి వచ్చింది. ఏదీ తప్పలేదు. తప్పకపోతే చాలు, ఎవరికీ నొప్పి ఉండదని కుర్రతనంలో అనుకునేవాణ్ణి. మీరూ అలాగే అనుకుంటున్నారని మా ఇంటికి వచ్చినప్పుడు మీ ముఖాలు చూస్తే తెలిసింది.

గౌరి అప్పుడప్పుడు నాకు మెసేజి పెడుతుంది. వాళ్ళమ్మ, మరియామ ఇప్పటికీ వీడియోలో మాట్లాడుకుంటారట. మధ్యలో ఎవరూ ఉండరు. ఈవిడ తెలుగులో, ఆవిడ ఫ్రెంచిలో. ఈవిడ వండిన కూర చూపిస్తుంది, ఆవిడ తన పిల్లాణ్ణి చూపిస్తుంది. ఎలా తెలుస్తుందే అని గౌరి అడిగితే, తెలీకపోడానికేటుంది అందట. నాకు నవ్వొచ్చింది, కొంచెం కుళ్ళు కూడా. ఇంత చదివి, ఆ ఇద్దరి మధ్యా నాకు చోటు లేదు.

కిందటి నెల ఒక పాత స్నేహితుణ్ణి చూడటానికి గార్డెన్ రీచ్ వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. రెండు స్టాపుల తర్వాత పైడమ్మ కూరల సంచితో ఎక్కింది. ముందు నన్ను చూడలేదు. నేను లేచి సీటు చూపించాను. అప్పుడు గుర్తుపట్టింది. సంచి కింద పెట్టి రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను. ఆమె కూర్చుంది, నేను పక్కన కడ్డీ పట్టుకుని నిలబడ్డాను.

కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. నోరు తెరవబోయి, పైడమ్మ తల వంచుకుని కళ్ళు గట్టిగా మూసుకోవడం చూశాను. నోరు మూసుకున్నాను. నోటు చాచి, చేత్తో ముందుకు చూపించాను. కండక్టరుకు అర్థం కాలేదు. ముందుకంటే ఎక్కడికి, చెప్పండి, అని గొంతు పెంచాడు. నేను మళ్ళీ చేత్తోనే చూపించాను. మూగా ఏమిటి అని వెనక ఎవరో అన్నారు.

పైడమ్మ కళ్ళు తెరిచింది. నా వైపు చూడలేదు. కండక్టరుతో బెంగాలీలో తనే చెప్పింది.

“ఆయన మాట్లాడరు దాదా. హౌరాకి టికెట్ ఇవ్వు.”